ప్లగిన్లు కొనాలా?

ఛాయాచిత్రాలకు మెరుగులు దిద్దే ప్లగిన్లు కొనడం దండగని నా వాదన. నిక్ కలెక్షన్ సంగతే చూడండి. నిక్ సంస్థను 2012లో కొన్న గూగుల్, ఆ ప్లగిన్లన్నిటినీ కలిపి 2013లో 149 డాలర్లకు అమ్మింది. 2016లో ఉచితంగా పంచిపెట్టింది. 2017లో డీఎక్స్‌ఓకు అమ్మివేసింది. 2018 నుంచి మళ్ళీ వెల చెల్లించవలసి వచ్చింది. యజమాని చిత్తాన్ని బట్టి మారే వెలను విలువకు కొలమానమని ఎలా నమ్మడం?

సమయం ఆదా అవుతుందంటారు. వందలకొద్దీ పెళ్ళి ఫోటోలు దిద్ది పొట్టపోసుకునేవారు ఆ మాట అంటే ఒప్పుకుంటాను; వారు కొనుక్కోవచ్చు. సరదాకు తీసే మనబోటివారికి ఆ ఆదాలో పోయేది అభ్యాసమే. నలుపు తెలుపుల్లో ఆకాశం ఎంత నల్లబడాలో, ముఖంపై వెలుగు ఎక్కడ ఆగాలో తేల్చుకోవడానికి లేయర్లు, కర్వులు చాలు. ఉచితంగా దొరికే గింప్‌లోనూ అవి ఉన్నాయి. ముందు వాటిని నేర్చుకుందాం. అప్పటికీ చేతకాని పని ఏదైనా మిగిలితే, అప్పుడు బేరమాడుదాం.