కంప్యూటర్ ఆగితే వైరస్సేనా?



ఈ సంచికకి కవిత రాసిస్తానని సంపాదకవర్గానికి మాటిచ్చి, ఈ వ్యాసం ఇస్తున్నాను. కవిత మళ్ళీ ఎప్పుడైనా రాయొచ్చు. ఇది ఆలస్యమైతే నా తప్పు ఇంకా పెరుగుతుంది. మన హాస్టల్లో ఒక అబ్బాయిని జూన్ నెల నుంచీ అందరూ "వైరస్" అని పిలుస్తున్నారు. ఆ పేరు మొదట పెట్టింది నేనే. అతని అసలు పేరు ఇక్కడ రాయను. ఎవరో మీకందరికీ తెలుసు.

మా అన్నయ్య రెండేళ్ళ క్రితం విశాఖపట్నంలో ఒక పాత కంప్యూటర్ కొని బస్సు మీద వేసుకొచ్చాడు. మా ఊళ్ళో ఇంట్లో కంప్యూటర్ ఉన్నది మాకే. అన్నయ్య దాని మీద ఊరివాళ్ళ అర్జీలు, పసుపు అమ్మకం లెక్కలు రాస్తాడు. నేనైతే అందులో మా అమ్మమ్మ కథలు దాచుకున్నాను. కువి భాషలో ఆమె చెబుతుంటే ఫోనులో రికార్డు చేసి ఎక్కించినవి, మొత్తం పదకొండు. ఆ ఫోను తర్వాత పాడైపోయింది. అమ్మమ్మ పోయిన ఏడాది వానాకాలంలో చనిపోయింది.

వేసవి సెలవుల్లో ఆ స్నేహితుడు మా ఊరొచ్చి రెండు రోజులున్నాడు. వెళ్ళేటప్పుడు తన పెన్‌డ్రైవ్‌లో పాటలు, ఇంకేవో ఎక్కించుకున్నాడు. అతను వెళ్ళిన మూడో రోజున కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. మళ్ళీ వేస్తే పావుగంట నడిచి మళ్ళీ ఆగింది. ఆగేముందు ఒక్కోసారి నత్తలాగ నడిచేది.

"ఇంకేముందిరా, నీ ఫ్రెండు వైరస్ ఎక్కించేసి పోయాడు" అన్నాడు అన్నయ్య. నేనూ అవునన్నాను. ఒక్క పరీక్ష కూడా చెయ్యలేదు. బజారులో ఒక షాపుకి పట్టుకెళితే అక్కడాయన కూడా అదే మాటన్నాడు. "ఫుల్లుగా వైరస్. ఫార్మాట్ కొట్టాలి." సి డ్రైవ్ ఒక్కటే కాదు, డిస్కు మొత్తం తుడిచి కొత్తగా విండోస్ ఎక్కించాడు. ఐదొందలు తీసుకున్నాడు. ఆ సాయంత్రం వాన పడి చల్లగా ఉంది, పైన ఫ్యాను తిరుగుతోంది, కంప్యూటర్ చక్కగానే నడిచింది. అమ్మమ్మ కథల సంగతి నాకు ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

నాలుగో రోజు మధ్యాహ్నం అది మళ్ళీ ఆగిపోయింది.

అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. డిస్కంతా తుడిచేశాక ఆ పెన్‌డ్రైవ్ వైరస్ ఎక్కడినుంచి వచ్చింది? కాని కథలు పోయిన కోపంలో ఉన్నాను. "అంత మొండి వైరస్ తెచ్చాడన్నమాట" అనుకున్నాను. బడి తెరిచిన రోజునే అతని పెన్‌డ్రైవ్ ఎవరూ ముట్టుకోవద్దని గదిగదికీ తిరిగి చెప్పాను. తర్వాత అది పెన్‌డ్రైవ్ దగ్గర ఆగలేదు. భోజనాల దగ్గర అతని పక్కన కూర్చునేవాళ్ళు కూడా "మాకూ అంటుకుంటుంది" అని లేచిపోవడం నేను చూశాను, నవ్వాను కూడా.

ఆగస్టులో మన కంప్యూటర్ సారుతో చెబితే ఆయన వైరస్ మాటే ఎత్తలేదు. మూడు ప్రశ్నలు వేశారు. వేసిన ఎంతసేపటికి ఆగుతోంది? ఆగిన వెంటనే మళ్ళీ వేస్తే ఇంకా తొందరగా ఆగుతోందా? పొద్దున్నపూట ఎక్కువసేపు నడుస్తోందా, మధ్యాహ్నమా? చల్లటి పొద్దున్న అరగంట దాకా వస్తుందనీ, మధ్యాహ్నం పది నిమిషాలేననీ, వెంటనే వేస్తే రెండు మూడు నిమిషాలకే పోతుందనీ చెప్పాను. "వైరస్‌కి ఎండా నీడా తెలీదురా. వేడి సంగతి చూడు" అన్నారు.

దసరా సెలవుల్లో చూశాను. ఎలా చూడాలో రాస్తాను, మీ ఇళ్ళల్లోనూ పనికొస్తుంది. కంప్యూటర్ వెయ్యగానే డిలీట్ మీట (కొన్నిటిలో ఎఫ్ 2) నొక్కుతూ ఉంటే ఒక తెర వస్తుంది. దాన్ని బయోస్ అంటారు. అది మదర్‌బోర్డు మీద చిప్పులో ఉంటుంది. అప్పటికి విండోస్ ఇంకా నిద్ర లేవదు, కాబట్టి హార్డ్‌డిస్కులో విండోస్ కింద దాక్కున్న వైరస్ కూడా లేవదు. చాలా కంప్యూటర్లలో ఆ తెర మీదే ప్రాసెసర్ వేడి ఎంతో చూపిస్తుంది. నేనూ అన్నయ్యా ఏమీ ముట్టుకోకుండా చూస్తూ కూర్చున్నాం. 58, 71, 86. తొంభై దాటాక టప్పున ఆగిపోయింది. నమ్మకం కుదరక హార్డ్‌డిస్కు తీగ పీకేసి మళ్ళీ వేశాం. అయినా ఆగింది. డిస్కే లేనప్పుడు వైరస్ ఎక్కడ కూర్చుంటుంది?

ప్రాసెసర్ మరీ వేడెక్కితే ముందు తన వేగం తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే కాలిపోకుండా ఆగిపోతుంది. చాలావాటికి ఆ హద్దు సుమారు 100 డిగ్రీలు. నత్తనడక, ఆ తర్వాత ఆగిపోవడం, రెండింటికీ కారణం అదే. మూత తీసి చూస్తే ఫ్యాను కింద రేకుల మధ్య కంబళి ముక్కలాగ ధూళి అట్టకట్టి ఉంది. పైకి నల్లగా పొయ్యి పొగ, లోపల పచ్చగా పసుపు. మా వసారాలోనే కొమ్ములు గోనెసంచుల్లో వేసి రుద్దుతారు, ఆ పక్కనే కంప్యూటర్ బల్ల. "ఇందులో పసుపుతో ఒకపూట కూరొండొచ్చు" అంది వదిన. ప్లగ్ పీకి, ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని, రంగులు వేసే బ్రష్షుతో దులిపాం. ప్రాసెసర్ మీది పాత పేస్టు సుద్దలాగ ఎండిపోతే, గీకి కొత్తది రాశాం. ఆ రోజు నాలుగు గంటలు ఏకబిగిన నడిచింది.

వైరస్సులే లేవని నేననడంలేదు. 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాసిన బ్రెయిన్ అనే వైరస్ ఫ్లాపీల మీద దేశదేశాలకీ పాకింది. విచిత్రమేమిటంటే అందులో వాళ్ళ చిరునామా, ఫోను నంబర్లు కూడా పెట్టుకున్నారు. తైవాన్ విద్యార్థి ఒకడు రాసిన సి.ఐ.హెచ్. వైరస్ 1999 ఏప్రిల్ 26న ఎన్నో కంప్యూటర్లలో డిస్కునీ, కొన్నిటిలో బయోస్‌నీ కూడా చెరిపేసింది. 2008లో వచ్చిన కాన్‌ఫికర్ పెన్‌డ్రైవ్‌ల మీద కూడా ఊరేగింది. వైరస్సంటే కంప్యూటర్ చావడమే అన్న భయం ఆ రోజులనించి మన దాకా వచ్చిందనుకుంటాను. ఇప్పటివి రాసేవాళ్ళలో చాలామందికి కావలసింది డబ్బు. 2017 మే నెలలో వన్నాక్రై ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగింది. అడగాలంటే తెర వెలుగుతూనే ఉండాలి గదా! రోజూ వచ్చి ధాన్యం ఎత్తుకుపోయే దొంగ గాదెకి నిప్పు పెట్టుకోడు. పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోతే, ఫైళ్ళ పేర్ల చివర తెలియని తోకలొస్తే, యాంటీవైరస్ దానంతటదే మూసుకుపోతే అనుమానించాలి. అప్పుడు కూడా ముందు స్కాన్ చెయ్యాలి. మా ఇంట్లో ఉన్న విండోస్ 7కి 2020 జనవరి 14తోనే రక్షణ అప్‌డేట్లు ఆగిపోయాయి, కాబట్టి మాకు వైరస్ రాదని కూడా చెప్పలేను. అయితే రావచ్చు అనడం వేరు, ఫలానావాడు తెచ్చాడు అనడం వేరు.

ఈ రెండో మాట ఎంత చెడ్డదో మన మన్యంలో ఒకరు చెప్పాలా? వెనకటి రోజుల్లో జ్వరమొస్తే చిల్లంగి అనేవారు. ఎవరు పెట్టారని వెతికేవారు. ఆ మాటకి ఊరు విడిచిపోయినవాళ్ళు, ప్రాణాలు పోయినవాళ్ళు ఉన్నారని పెద్దవాళ్ళు చెబుతారు. ఇప్పుడు వేలు పొడిచి రక్తం చూశాకే మలేరియా అవునో కాదో చెబుతున్నారు. మనం చదువుకుంటున్నవాళ్ళం, చిల్లంగిని నమ్మం అంటాం. నేను ఒక స్నేహితుడికి చేసింది మాత్రం అదే.

సెలవులయ్యాక అతనితో అంతా చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. రాత్రి స్టడీ అవర్లో వచ్చి, "మీ అమ్మమ్మ కథలు మూడు నా దగ్గరున్నాయి. అప్పుడు ఎక్కించుకున్నాను" అన్నాడు. జూన్‌లోనే చెప్పేవాడేమో, నేను పెన్‌డ్రైవ్ చూడనిస్తేగా! మిగిలిన ఎనిమిదీ పోయాయి. ఆ డిస్కు తుడవకముందే వేరే కంప్యూటర్‌కి తగిలించి కాపీ తీసుకుంటే పదకొండూ ఉండేవి. మా షాపాయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

చార్టులో నాకిచ్చిన చోటు అయిపోవస్తోంది. అతన్ని ఇకనుంచి పేరుతోనే పిలవండి. ఇంకో సంగతి. మన కంప్యూటర్ గదిలో మూడో నంబరు కంప్యూటర్‌ని "వైరస్ పట్టింది" అని చెప్పి మూలన పెట్టారు. దాని మూత ఎవరూ తియ్యలేదు. సారు ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం టిఫిన్ అయ్యాక నేనూ, నా స్నేహితుడూ తీసి చూస్తాం. ముందు బయోస్‌లో వేడి, తర్వాత ర్యామ్ తీసి రబ్బరుతో తుడవడం, ఆ తర్వాతే స్కాన్. రంగుల బ్రష్షులున్నవాళ్ళు తెచ్చివ్వండి. మా దగ్గర ఒక్కటే ఉంది.