కరెంటు స్తంభము మీది రవ్వ

పసుపు ఉడికించి కళ్లములలో ఆరబోసిన పిమ్మట, ఏర్గట్ల ప్రాంతమున కొమ్ములకు మెరుగుపెట్టు డ్రమ్ములు తిరుగు దినములలో, కరెంటు స్తంభము మీద పగిలిన ఇన్సులేటరు వద్దనో, వదులైన జంపరు వద్దనో చిటపటలాడు రవ్వను చూడని రైతు అరుదు. ఆ రవ్వ మీడియం వేవు రేడియోలో బరబర శబ్దమై వినబడుటతో ఆగక, వందల మెగాహెర్ట్‌జ్‌ల వరకును తరంగములను విరజిమ్ముచు, రేడియో ఖగోళ పరిశోధనకు ప్రబల విఘ్నమగుచున్నది.

ఖగోళ శాస్త్రజ్ఞుడు గోవింద్ స్వరూప్ సంకల్పమున పుణె జిల్లా ఖోడద్ పరిసరములలో వెలసిన జీఎంఆర్‌టీ అను రేడియో దూరదర్శిని యొక్క 30 యాంటెన్నాలు, ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసము గలవి, పల్లెల నడుమనే యున్నవి. ఇటు హిందూపురమునకు చేరువనున్న గౌరీబిదనూరులో, సీహెచ్.వి. శాస్త్రి ప్రభృతులు 1970ల దశకమున నెలకొల్పిన వేయి డైపోలుల శ్రేణి 34.5 మెగాహెర్ట్‌జ్‌ల వద్ద ఆకాశమును ఆలకించినది. ఇట్టి అల్ప పౌనఃపున్యములలోనే మనుష్యకృత రవము మిక్కుటము. రవమూలమును వెదకుటకు నియుక్తుడైన కార్ల్ జాన్‌స్కీయే 1933లో పాలపుంత తరంగములను ప్రకటించెను. ఈ శాస్త్రము పుట్టుకయే అట్టిది!

జీఎంఆర్‌టీలో ఇప్పుడు, వచ్చు సంకేతముల మధ్యగత విలువను, దానినుండి వాని సహజ విచలనమును అప్పటికప్పుడు గణించి, హద్దు మీరినవానిని తొలగించు యంత్రాంగము పనిచేయుచున్నది. ప్రశంసనీయమే, కాని డ్రమ్ములో అతిగా తిప్పిన కొమ్ము పొట్టుతోపాటు పసుపును కూడ పోగొట్టుకొనునట్లు, కఠినమైన జల్లెడకు పల్సారు అను నక్షత్రపు స్పందనయు బలికావచ్చును. సుదూరమునుండి వచ్చు స్పందన అల్ప పౌనఃపున్యములలో ఆలస్యముగా చేరును, రవ్వ అన్నిటను ఒక్కసారే చేరును గనుక కొంత విచక్షణ సాధ్యమే. అయినను రవ్వలో మునిగిన క్షణము మరల రాదు.

కావున శుద్ధిభారమును శాస్త్రజ్ఞుల గణకయంత్రములపైననే మోపుట అన్యాయమని నా అభిప్రాయము. హైడ్రోజన్ రేఖ గల 1400–1427 మెగాహెర్ట్‌జ్ పట్టీలో ప్రసారములను అంతర్జాతీయ నియమములు నిషేధించినవి. కాని రవ్వకు లైసెన్సే లేదు గనుక రద్దుచేయుటకును వీలులేదు! దాని కున్న మందు స్తంభము మీదనే యున్నది: ఇన్సులేటరు మార్చుట, జంపరు బిగించుట. ఆ మరమ్మతు రైతు మోటారును, స్టార్టరును కూడ కాపాడును. దూరదర్శినుల చుట్టును ఈ వ్యయమును విద్యుత్ సంస్థలే భరింపవలయును. తీగలకు తగులు కొమ్మలు కొట్టింప వచ్చు లైన్‌మన్ చేతికి దిశను పట్టి చూపు చిన్న యాంటెన్నా నొకటి ఇచ్చి, ఖగోళకేంద్రము చేసిన ఫిర్యాదును రైతు చేసిన ఫిర్యాదుతో సమముగా అదే పుస్తకమున నమోదు చేయింపవలయును.