దవడ కీలు నేర్పే పాఠం

పిల్లలూ! రెండు చూపుడువేళ్ళనూ చెవులకు కాస్త ముందుగా ఆనించి, నోరు తెరిచి మూయండి. వేళ్ళ కింద కదులుతున్నదే దవడ కీలు. మాట్లాడినా, నమిలినా, ఆవులించినా అది పనిచేయవలసిందే. కింది దవడ ఎముక గుబ్బకూ, కపాలంలోని గుంటకూ మధ్య మెత్తని బిళ్ళ ఒకటి ఉంటుంది. అది జారినా, చిరిగినా నోరు తెరవడం కష్టమవుతుంది. చాలామందికి విశ్రాంతితో, మెత్తని ఆహారంతో, వేడి కాపడంతో బాధ తగ్గిపోతుంది. తగ్గనివారిలో కొందరికి శస్త్రచికిత్స చేస్తారు.

పాడైన బిళ్ళను తీసి ఆ స్థానంలో పెట్టడానికి, అమెరికాలో హ్యూస్టన్ నగరంలోని వైటెక్ కంపెనీ టెఫ్లాన్ పొర ఉన్న కృత్రిమ బిళ్ళను తయారుచేసింది. టెఫ్లాన్ మీకు తెలిసినదే. అట్టు అంటుకోకుండా పెనాలకు పూస్తారు. ఆమ్లాలకూ, క్షారాలకూ అది చలించదు. ఇంతకంటె క్షేమమైనది ఏముంటుంది అనిపిస్తుంది కదూ? 1983లో ప్రభుత్వ అనుమతి లభించింది. అయితే అది మనుషులలో దీర్ఘకాలం పరీక్షించి ఇచ్చినది కాదు. అంతకుముందే అమ్ముడవుతున్న పరికరాలవంటిదేనని ఇచ్చినది. వేలాదిమందికి ఆ బిళ్ళలు అమర్చారు.

నమిలినప్పుడల్లా ఆ పొర అరిగి పొడి రాలింది. శరీరంలోని రక్షక కణాలు ఆ పొడిని మింగాయి గాని హరించుకోలేకపోయాయి. ఆ పోరాటంలో చుట్టూ ఉన్న ఎముక కరిగిపోయింది. కొందరికి కపాలపు ఎముక కూడా దెబ్బతిన్నది. 1990 డిసెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీచేసింది.

ఇది ఎవరూ ఊహించలేని ప్రమాదమా? కాదనే నా అభిప్రాయం. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే శస్త్రవైద్యుడు అంతకు చాలా ముందే తుంటికీలుకు టెఫ్లాన్ గిన్నెలు అమర్చి, కొద్ది సంవత్సరాలలోనే అవి అరిగిపోవడం చూశాడు. టెఫ్లాన్ పొడినీ, పాలిథిలీన్ పొడినీ తన తొడలోకే ఎక్కించుకున్నాడు. తొమ్మిది నెలల తరువాత పాలిథిలీన్ ఉన్నచోట ఏమీ తెలియలేదు. టెఫ్లాన్ ఉన్నచోట గడ్డలు చేతికి తగిలాయి. ఈ సంగతిని 1963లో ప్రకటించాడు. అంటే, పాఠం 20 సంవత్సరాల ముందే అచ్చులో ఉన్నది! తుంటి వేరు, దవడ వేరు అనవచ్చు. కాని రెండూ బరువు మోస్తూ రాపిడికి లోనయ్యే కీళ్ళే కదా?

కృత్రిమ కీళ్ళే వద్దని నేననను. దవడ బిగుసుకుపోయి ముద్ద నోట పెట్టుకోలేనివారికి నేడు కోబాల్టు-క్రోమియం మిశ్రలోహపు గుబ్బనూ, గట్టి పాలిథిలీన్ గుంటనూ అమర్చి నోరు తెరిపిస్తున్నారు. అది గొప్ప మేలు. అయితే ఏ కొత్త వస్తువునైనా శరీరంలో పెట్టేముందు మూడు ప్రశ్నలకు జవాబు రావాలి. అరిగి పొడి అయితే ఏమవుతుంది? ఎన్నాళ్ళు పరీక్షించారు? ఇంతకుముందు ఎక్కడైనా విఫలమైందా?

మూడవ ప్రశ్నకు జవాబు దొరకాలంటే, విఫలమైనవారు దాచకుండా రాయాలి. తరువాతివారు ఓపికగా చదవాలి. కనుక మీ ప్రయోగంలో అనుకున్న ఫలితం రాకపోతే, పక్కవాడి నోటుబుక్కు చూసి దిద్దుకోకండి. వచ్చినది వచ్చినట్లే రాయండి.