కాటూరు నుంచి పోయినాయన, రేణిగుంటకు వచ్చినాయన

సాఫ్ట్‌వేర్ కంపెనీ నడవాలంటే మహానగరం ఉండి తీరాలని ముప్పై ఏళ్లుగా మనకు నూరిపోశారు. హైదరాబాదు కావాలి, బెంగుళూరు కావాలి, కాకుంటే చెన్నై కావాలి. మన పిల్లల చదువు మన ఊళ్లో, కొలువు మాత్రం పరాయి ఊళ్లో. వాన పడకపోతే ఎవరేం చేస్తారన్నట్టు, దీనికీ ఎవరూ బాధ్యులు కారని నమ్మించారు. ఈ మాట అబద్ధమని తేల్చింది మన ప్రభుత్వాలు కాదు, మనం ఓట్లేసి గెలిపించిన ఎమ్మెల్యేలూ కాదు. అమెరికాకు వలసపోయి తిరిగొచ్చిన ఒక తమిళుడు. పేరు శ్రీధర్ వెంబు. ఆయన కంపెనీ జోహో 2018లో మన రేణిగుంటలో ఆఫీసు తెరిచింది.

పక్క రాష్ట్రం మనిషి గురించి సీమ ఉద్యమ పత్రికలో ఎందుకు అని కొందరు అడగొచ్చు. తిరుపతి, చిత్తూరు వాళ్లకు మద్రాసు ఏనాడూ పరాయిది కాదు. 1953 దాకా మన రాజధాని అదే. అయినా ఇక్కడ చూడాల్సింది ఆయన భాష కాదు, ఆయన చేసిన పని.

వెంబు 1968లో పుట్టాడు. తంజావూరు జిల్లా పల్లెటూరి కుటుంబం. తండ్రి మద్రాసు హైకోర్టులో స్టెనోగ్రాఫరు. కొడుకు మద్రాసు ఐఐటీలో 1989లో ఇంజనీరింగ్ పూర్తి చేసి, ప్రిన్స్‌టన్‌లో 1994లో పీహెచ్‌డీ తీసుకుని, శాండియాగోలో క్వాల్‌కామ్ కంపెనీలో చేరాడు. ఇక్కడిదాకా కథ మనకు తెలిసిందే. ఇలాంటి కథలు తిరుపతిలో వీధికొకటి దొరుకుతాయి. వాటి ముగింపు కూడా తెలిసిందే: గ్రీన్‌కార్డు, రెండేళ్లకోసారి ఊరికి రాక, తల్లిదండ్రులకు ఫోను.

వెంబు కథ మలుపు తిరిగింది 1996లో. తమ్ముళ్లతోనూ, టోనీ థామస్ అనే మిత్రుడితోనూ కలిసి అడ్వెంట్‌నెట్ అనే కంపెనీ పెట్టారు. అమ్మకాలు అమెరికాలో, ఇంజనీర్లు చెన్నైలో. నెట్‌వర్కులను నడిపించే సాఫ్ట్‌వేర్ తయారుచేసి పెద్ద కంపెనీలకు అమ్మేవారు. 2000 తర్వాత అమెరికాలో డాట్‌కామ్ బుడగ పగిలింది. కొనేవాళ్లే దివాలా తీశారు. బయటి పెట్టుబడిదారుల డబ్బుతో నడిచిన కంపెనీలు వరసగా మూతబడ్డాయి. వీళ్లు వెంచర్ పెట్టుబడి తీసుకోలేదు కాబట్టి వీళ్ల నెత్తిన కూర్చుని కంపెనీ మూసెయ్యమనేవాడు లేడు. ఉన్న ఇంజనీర్లతోనే కొత్త సరుకు తయారుచేశారు. 2005లో జోహో పేరు వచ్చింది, 2009లో కంపెనీ పేరే అదయింది. ఇవాళ్టికీ అది షేర్ మార్కెట్టుకు పోని కంపెనీ.

మన విద్యార్థులు గమనించాల్సిన విషయం దీనికంటే పెద్దది. ఇంజనీరింగ్ డిగ్రీ ఉంటేనే ప్రోగ్రాము రాయగలరన్న మాట వెంబు నమ్మలేదు. 2005 నాటికే కంపెనీలో సొంత బడి మొదలైంది. ఇంటర్ స్థాయి చదువు, డిప్లొమా చేసిన పేద పిల్లల్ని తీసుకుని, లెక్కలు, ఇంగ్లీషు, ప్రోగ్రామింగ్ నేర్పించి, నేర్చుకునే రోజుల్లోనే భృతి ఇచ్చి, ఆ తర్వాత ఉద్యోగమిచ్చారు. ఫీజు కట్టించుకోకుండా, ఎదురు డబ్బిచ్చి చదివించడం! కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా, రీయింబర్స్‌మెంట్ బకాయి అనే మాటల మధ్య పెరిగిన మన పిల్లలకు ఇది వింతగా వినిపిస్తుంది. 2011లో తెన్‌కాశిలో ఆఫీసు పెట్టారు. 2019లో వెంబు అమెరికా వదిలి ఆ తెన్‌కాశి పక్కనున్న మత్తలంపారై అనే పల్లెలో కాపురం పెట్టాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2025 జనవరిలో సీఈవో పదవి వదిలి పరిశోధన వైపు పోయాడు.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యనక్కర్లేదు. పల్లెలో అద్దె తక్కువ, జీతం తక్కువ, మనిషి ఉద్యోగం మారడు, అందుకే వచ్చాడని అనేవాళ్లున్నారు. వ్యాపారి కదా, పుణ్యానికి రాడు. లాభం చూసుకునే వచ్చాడనుకుందాం. అప్పుడు మన వాదనకు ఇంకా బలం. రేణిగుంటలో సాఫ్ట్‌వేర్ పని లాభసాటి అని ఒక వ్యాపారి లెక్క వేసుకున్నాడు. రైలు జంక్షన్ ఉంది, విమానాశ్రయం ఉంది, చుట్టూ కాలేజీలున్నాయి, మూడు గంటల్లో చెన్నై. ఈ లెక్క మన పాలకులకు ఎందుకు తట్టలేదు?

ఇప్పుడు కాటూరు సంగతి. రేణిగుంటకు వచ్చిన ఈయన కంటే చాలా ముందు, మన చిత్తూరు జిల్లా కాటూరులో ఒక రైతు కుటుంబం నుంచి ఒకాయన బయల్దేరాడు. దబ్బల రాజగోపాల్ రెడ్డి. లోకం ఆయన్ని రాజ్ రెడ్డి అంటుంది. పుట్టింది 1937 జూన్‌లో. అదే ఏడాది నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. రాజధానో హైకోర్టో సీమకు ఇస్తామని, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెడతామని, నీళ్లలో మొదటి హక్కు ఇస్తామని రాసుకున్న కాగితమది. ఆ కాగితం వయసు, ఆయన వయసు ఒకటే. రెంటి కథా చూడండి.

రాజ్ రెడ్డి మద్రాసు గిండీలో 1958లో ఇంజనీరింగ్ పూర్తిచేశాడు. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది 1959లో. అక్కణ్నుంచి ఆస్ట్రేలియా, అక్కడ ఐబీఎంలో ఉద్యోగం, ఆపైన స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేటు, 1969 నుంచి పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం. మనిషి మాట్లాడితే యంత్రం అర్థం చేసుకోవాలన్నది ఆయన పట్టిన పని. ఇవాళ సెల్‌ఫోనుకు నోటితో చెబితే పని జరుగుతోందంటే దాని పునాదుల్లో ఆయన చెమట ఉంది. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన బేకర్ దంపతులు 1982లో డ్రాగన్ సిస్టమ్స్ అనే కంపెనీ పెట్టి ఆ విద్యను సరుకుగా మార్చారు. కంప్యూటర్ రంగంలో నోబెల్ లాంటిదైన ట్యూరింగ్ అవార్డు 1994లో ఫైగెన్‌బామ్‌తో కలిపి ఆయనకు దక్కింది. ఆసియా నుంచి పోయినవాళ్లలో ఆయనే మొదటివాడు.

ఆ కంపెనీ శ్రీకాళహస్తిలోనో చిత్తూరులోనో పుట్టి ఉండాల్సిందని నేననను. 1960ల్లో అది ఇండియాలోనే సాధ్యం కాదు. కానీ 1990ల్లో సాధ్యమే. అప్పుడు ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఎవరు? చంద్రగిరి మండలం నారావారిపల్లె మనిషి. 1998లో సైబర్ టవర్స్ ఎక్కడ లేచింది? హైదరాబాదులో. ట్రిపుల్ ఐటీ ఎక్కడ? హైదరాబాదులో. 2014లో ఆ నగరం చేజారినప్పుడు గద్దె మీదున్న ఆఖరి ముఖ్యమంత్రిదీ చిత్తూరు జిల్లానే. గద్దెలు మనోళ్లకు, గంపలు పక్కోళ్లకు. 1956లో కర్నూలు నుంచి రాజధాని పోయినప్పుడు ఒకసారి, 2014లో హైదరాబాదు పోయినప్పుడు ఒకసారి, మనం కట్టినదాంట్లో మన వాటాను రెండుసార్లు వదులుకున్నాం. మూడోసారి అమరావతి మొదలుపెట్టి అన్నీ అక్కడే అంటున్నారు.

ఇక్కడొక ప్రశ్న ఎదురవుతుంది, దాన్ని దాటవెయ్యకూడదు. తెన్‌కాశికి ప్రత్యేక రాష్ట్రం రాలేదు కదా, చెన్నైకి దాదాపు ఆరువందల కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా సాఫ్ట్‌వేర్ ఆఫీసు తెచ్చుకుంది కదా, మీకెందుకు రాష్ట్రం అని. న్యాయమైన ప్రశ్నే. జవాబు తమిళనాడు పటంలోనే ఉంది. అక్కడ చెన్నై ఒక్కటే ఊరు కాదు. కోయంబత్తూరు, సేలం, మధురై, తిరునల్వేలి, తిరుచ్చి, ప్రతి దిక్కునా ఒక నగరం, దానికి ఇంజనీరింగ్ కాలేజీలు, మిల్లులు, ఫ్యాక్టరీలు. వందేళ్లుగా పెరిగిన ఊళ్లు అవి. వెంబు తెన్‌కాశికి పోయేనాటికి పిల్లలు తయారుగా ఉన్నారు, రోడ్డు, కరెంటు ఉన్నాయి. మన రాష్ట్రంలో అన్నీ ఒకే మూట కట్టి ఒకే ఊళ్లో పెట్టడం అలవాటు. ఆ మూట ఎక్కడ పెట్టాలో నిర్ణయించే చోట మనకు సంఖ్యాబలం లేదు. అందుకే రాష్ట్రం అడుగుతున్నాం.

శ్రీసిటీ ఉంది కదా, రేణిగుంట చుట్టూ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, వద్దనం. కానీ విడిభాగాలు బిగించే పని వేరు, సరుకును ఊహించి రాసే పని వేరు. మొదటి దాంట్లో మనం కూలీలం. ఐఐటీ, ఐసర్ 2015లో తిరుపతికి వచ్చాయి, మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచీ ఉంది. పద్మావతిలో చదివిన ఆడపిల్లను ఒంటరిగా బెంగుళూరు పంపడానికి జంకి ఉద్యోగం మానిపించే ఇళ్లు మన మధ్య తక్కువేం కాదు. ఆ అమ్మాయికి రేణిగుంట ఆఫీసంటే బస్సెక్కి పోయి సాయంత్రానికి ఇంటికొచ్చే కొలువు.

2025 ఏప్రిల్‌లో రాష్ట్ర మంత్రివర్గం విశాఖలో టీసీఎస్ కంపెనీకి 21.16 ఎకరాలు ఇవ్వడానికి ఒప్పుకుంది. ధర 99 పైసలు. విశాఖ బాగుపడితే మనకు కడుపుమంట లేదు. అదే రకం పిలుపు తిరుపతి తరఫున ఏ కంపెనీకి వెళ్లింది? జోహో వచ్చిన తర్వాత దాని వెనక పది చిన్న కంపెనీలు రావడానికి రేణిగుంటలో ఏ ఏర్పాటు జరిగింది? ఒక మంచి వ్యాపారి మనసు మారితే పోయేదాన్ని ఉపాధి విధానం అనలేం.

రాజ్ రెడ్డి తన వంతు తిరిగిచ్చాడు. పల్లె బడుల్లో పది పాసైన పిల్లల కోసం 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఆయనే మొదటి ఛాన్సలర్. దాని క్యాంపస్ ఒకటి కడప జిల్లా ఇడుపులపాయలో ఉంది. అక్కడ చదివి బయటికొచ్చే పిల్లల్లో పాత నాలుగు జిల్లాల లోపల ఎంతమందికి కొలువు దొరికింది, ఎంతమంది ఊరు దాటారు? ఈ లెక్క ఏడాదివారీగా బయటపెట్టాలి. తిరుపతి, కడప, అనంతపురం, కర్నూలు విద్యార్థి సంఘాలు ఈ నెలలోనే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. దరఖాస్తు రుసుము పది రూపాయలు.