జైలు గోడల వెనక సార్వభౌమాధికారం

సర్కారు మీద దావా వేస్తే నిలబడుతుందా? హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో మామూలు మనిషి అడిగేది ఇదే. నిలబడుతుంది. రుజువు సీమ గడ్డ మీదే ఉంది.

1977 మే నెలలో ఓ రాత్రి కోయిలకుంట్ల సబ్‌జైలులో బాంబులు పడ్డాయి. తండ్రి చనిపోయాడు, కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి గాయపడ్డాడు. ప్రాణభయం ఉందని ముందే చెప్పుకున్నా తగిన కాపలా పెట్టలేదు. పరిహారం అడిగితే పాలకుల జవాబేమిటి? జైలు నడపడం సార్వభౌమాధికారమట, అడగకూడదట! ఇది కుంఫిణీ దొరల నాటి వాదన. కింది కోర్టు దావా కొట్టేసింది. హైకోర్టు మాత్రం 1,44,000 రూపాయలు వడ్డీతో చెల్లించమంది. 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. జీవించే హక్కు ముందు ఆ సాకు చెల్లదంది, ఖైదీ అయినా సరే.

గెలిచారు, కానీ 23 ఏళ్లకు! సామాన్యుడు అంతకాలం తట్టుకోగలడా? ప్రభుత్వ బాధ్యతను తేల్చే చట్టం కావాలని లా కమిషన్ 1956లోనే చెప్పింది. 1960లలో బిల్లు పెట్టారు, మురగబెట్టారు. తమ మెడకు తామే ఉరి ఎవరు బిగించుకుంటారు? ఆ చట్టం కోసం మన ఎంపీలను నిలదీయాలి. ఈలోగా దావా వేసేవారు సెక్షన్ 80 కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. 2022 నుంచి మన కలెక్టర్ ఉండేది పుట్టపర్తిలో, అనంతపురంలో కాదు.