కుక్క బొచ్చు

“ఇల్లంతయు బొచ్చే, కుక్క నెవరికైన నిచ్చివేయుదుము” అని యొక తల్లి మొన్న మొఱపెట్టుకొనెను. ప్రక్కనే పిల్లవాడు తల వంచుకొని నిలిచియుండెను. కుక్క చేసిన తప్పేమి? పొమరేనియను వంటి శీతలదేశపు జాతులకు పైబొచ్చు క్రింద మెత్తని లోబొచ్చుండును. ఋతువు మారినపుడది కుచ్చులుగా రాలును. వేసవిలో గొరిగించుట మేలని కొందఱందురు. నాకది సమ్మతము కాదు. ఎండ నేరుగ చర్మమును సోకును. ప్రతిదినము వాకిట దువ్వి, రాలినది యక్కడనే యెత్తివేసినచో ఇంటిలోనికి వచ్చునది స్వల్పము. పొడిచీపురు బొచ్చును లేపును, తడిగుడ్డ పట్టును. క్రొత్తగా పెంచగోరువారికి, మన తెలుగు రాజులు స్థిరపడిన రాజపాళయపు కుక్క లేదా? 2005లో దాని బొమ్మతో తపాలాబిళ్లయు వెలువడినది. (బొచ్చు దానికిని రాలును, పొట్టిది గనుక చుట్టలు కట్టదు.) దువ్వెన పని పిల్లవానికే యప్పగింపుడని ఆ తల్లితో చెప్పితిని. వాడప్పుడు తల యెత్తెను.