గులాములు సుల్తానులైన చరిత్ర మనకేం చెబుతోంది?

సంతలో అమ్ముడుపోయిన గులాములు ఢిల్లీ తఖ్తు మీద కూర్చున్నారని మన జల్సాల్లో గర్వంగా చెప్పుకుంటాం. ఆ మాట నిజమే. కాని ఆ చరిత్రను సగం చెప్పి ఊరుకుంటున్నాం. మిగిలిన సగం మన ఇంటి గడప దాకా వస్తుంది మరి!

కుత్బుద్దీన్ ఐబక్ తుర్కిస్తాన్ బాలుడు. ఆయన్ను నిషాపూర్‌లో ఖాజీ ఫఖ్రుద్దీన్ అబ్దుల్ అజీజ్ కూఫీ కొన్నారు. కొన్న పిల్లవాడే కదా అని ఊడిగానికి పరిమితం చేయలేదు. తన కుమారులతో పాటు కూర్చోబెట్టి ఖుర్ఆన్ చదివించారు, గుర్రపు స్వారీ, విలువిద్య నేర్పించారు. ఆ బాలుడే ముహమ్మద్ ఘోరీకి సేనాని అయ్యారు. 1206లో పాలకుడయ్యారు.

ఇల్తుత్‌మిష్‌నైతే సొంత అన్నలే అసూయతో అమ్మేశారు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) గాథ గుర్తుకు రావడం లేదూ! ఐబక్ ఆయన్ను కొని, యోగ్యత చూసి, బదాయూన్ పాలన అప్పగించారు. తర్వాత సుల్తానై పాతికేళ్లు పాలించిన ఇల్తుత్‌మిష్, కుమారులుండగా కుమార్తె రజియాకే రాజ్యభారం మోసే సత్తా ఉందన్నారు.

మనుషుల్ని అమ్మడం, కొనడం మెచ్చదగినదని మేము అనడం లేదు. వంశం అడగకుండా యోగ్యత చూసిన ఆ దృష్టిని మెచ్చుకుంటున్నాం.

ఇక రెండో సగం. ఇల్తుత్‌మిష్ కొన్న గులాముల్లో ఒకరైన బల్బన్ 1266లో సుల్తాన్ అయ్యారు. తాను ఎక్కివచ్చిన నిచ్చెననే ఆయన తీసేశారు. తనది ప్రాచీన రాజు అఫ్రాసియాబ్ వంశమని చెప్పుకున్నారు. తక్కువ పుట్టుక వారికి కొలువులివ్వడానికి నిరాకరించారని చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ రాశారు.

ఇవాళ మనం ఎవరి బాటలో ఉన్నాం? నికాహ్ సంబంధం రాగానే దీన్, నడవడి కంటే ముందు ఖాందాన్ అడుగుతున్నాం. ఉర్దూ రాదని దూదేకుల సోదరుల్ని చిన్నచూపు చూసేవారు మనలో లేరా? గౌరవానికి గీటురాయి తఖ్వాయేనని సూరె హుజురాత్ బోధిస్తోంది. అరబ్బుకు అరబ్బేతరుని మీద ఆధిక్యత లేదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హజ్జతుల్ విదాలో ప్రకటించారు. వంశం పేరెత్తే ముందు ఈ రెండూ గుర్తుండాలి.

సోదరులారా! సుల్తానుల్ని తయారుచేయడం మన చేతుల్లో లేదు. నిషాపూర్ ఖాజీ చేసిన పని మాత్రం మనం చేయగలం. మొహల్లాలో చదువుకు నోచుకోని ఒక్క బిడ్డనైనా మన పిల్లల పక్కన కూర్చోబెడదాం. వాడు ఎవరి కొడుకని అడగొద్దు. అల్లాహ్ మనకు ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక, ఆమీన్.